బొంతలో పోయిన మాటలు

పక్షవాతం వచ్చాక అమ్మకు మాట పడిపోయింది. రోజంతా మూగగా పడుకుని, ఎప్పుడో ఒక మాట అనేది. శంషాబాద్‌లో మా ఇంటి మీదుగానే విమానాలు దిగుతాయి. సరిగ్గా అప్పుడే నోరు తెరిచేది. నా కర్మ! ఆ మోత పోయేదాకా ఆగి, మళ్లీ అడిగి, అన్నది అన్నట్టు నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఎప్పుడో అమ్మేసిన బర్రెకు నీళ్లు పెట్టమన్నదీ రాశాను, వదినను తిట్టిందీ రాశాను. బుక్కు అమ్మ తలకింద, బొంత మడతలో ఉండేది. నీకేమన్న పిచ్చా, డాక్టర్ కూడా గిట్ల రాయడు అని వదిన నవ్వేది. నవ్వనీ. అది రాస్తుంటేనే నాకు అమ్మ ఇంకా ఉన్నట్టుండేది.

పోయే ముందురోజు పొద్దున అమ్మ ఒక్క మాట కాదు, పెద్ద వాక్యమే చెప్పింది. ఎన్ని నెలలకు! గబగబా రాసి, బుక్కు బొంతలో దోపి, ఎయిర్‌పోర్టు డ్యూటీకి పరుగెత్తాను.

రాత్రి షిఫ్టు కూడా చేయాల్సొచ్చి మర్నాడు ఇల్లు చేరేసరికి అమ్మ పోయింది. మాలో చనిపోయినవాళ్ల పక్కబట్టలు ఇంట్లో ఉంచరు, పాడెతోపాటే పంపేస్తారు. ఎవరు చుట్టారో, ఎవరు మోశారో ఏడుపులో చూడనేలేదు. తలస్నానం చేసి వచ్చి ఖాళీ మంచం చూశాకే బొంతలోని బుక్కు గుర్తొచ్చింది.

తడి జుట్టుతోనే ఉరికాను. ఆడవాళ్లు కాటికి పోవద్దని మేనమామ చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను. నన్ను ఆపేవాడింకా పుట్టలేదు. తీరా పోతే, బట్టలన్నీ కుప్పేసి ఎప్పుడో అంటుపెట్టానని కాటికాపరి బూడిద చూపించాడు. ఆ బూడిదను కట్టెతో కెలికాను, తర్వాత చేతులతో కెలికాను. వేళ్లు కాలాయి. ఒక్క కాగితం ముక్క దొరకలేదు.

లారీ మీద ఊళ్లు తిరిగే అన్న, అమ్మ పోయాకే ఇల్లు చేరాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బుక్కు సంగతి చెప్పాను.

"ఆఖరికి ఏమన్నది చెల్లె, అమ్మ?"

నోరు తెరిచాను. రాసిన చోటు గుర్తుంది, పేజీ అడుగున. తొందరలో అక్షరాలు వంకర పోవడం గుర్తుంది. బుక్కులో ఉంటుంది కదా, సాయంత్రం తీరిగ్గా చదువుకుందామని, విన్నది విన్నట్టే కాగితం మీద దించేశాను. మనసులో పెట్టుకోలేదు.

"నీ పేరు తీసింది అన్నా" అన్నాను. అంతవరకే గుర్తుంది. అన్న ఇంకా నా నోటివైపే చూస్తున్నాడు.

"మిగతాది రాసి పెట్టిన" అన్నాను.