బావిలో గుండు

మా బావిలో నీళ్ల కింద ఒక పెద్ద రాతిగుండు ఉండేది. పామిడి దగ్గర మా మళ్లకు ఆ బావే దిక్కు. వానలకు బావి నిండితే గుండు నాకు అందేది కాదు. చెవులు దిబ్బళ్లు పడి, వట్టిచేతుల్తో పైకి తేలేదాన్ని. చలికాలంలో నీళ్లు తగ్గాక ఒక్క ఊపిరిలో తాకి వచ్చేదాన్ని. ఉగాది దాటితే దాని నెత్తి బయటపడేది. ఇక నాయన ఎద్దులను నీళ్లు తోడే కపిల నుంచి విప్పేసేవాడు. మిగిలిన నీళ్లు తాగడానికే.

నడుముకు బెండు కట్టి నాకు ఈత నేర్పింది నాయనే. పంతొమ్మిదివందల యాభైల్లో మా ఊరి మగపిల్లలెవరూ నా అంత లోతు మునగలేదు. "నా కూతురు చేపప్పా, చేప!" అని అందరికీ చెప్పుకునేవాడు. నేను పెద్దమనిషినయ్యాక అమ్మ వద్దంటే, "ఈదనీలే" అని వెనకేసుకొచ్చిందీ ఆయనే.

అరవైల్లో వానలు మొహం చాటేశాయి. శివరాత్రికి ముందే గుండు తేలింది, రాగిపైరు వాడుముఖం పట్టింది. గుండు పగలగొడితే కింద గంగ ఉందని ఎవరు ఎక్కించారో గానీ, నాయన మందుగుండు పెట్టేవాణ్ణి పిలిపించాడు.

"వద్దు నాయనా. ఊట గుండు కింద లేదు, పక్క నెర్రెలో ఉండాది. ఆడ చెయ్యి పెడితే చల్లగా తగుల్తాది. పేలిస్తే నెర్రె చెదిరిపోతాది," అన్నాను.

"ఏమప్పా, నీ కూతురు ఇంజనీరు మాదిరి మాట్లాడ్తాందే!" అని వాడు నవ్వాడు. వాడితో పాటు నాయనా నవ్వాడు.

"నోరు మూసుకోని ఇంటికి పో," అన్నాడు నాయన.

పేల్చారు. బురదనీళ్లు కాస్త ఎగజిమ్మితే టెంకాయ కూడా కొట్టారు. ఆ వారంలోనే ఉన్న నీళ్లన్నీ పగుళ్లలోకి ఇంకిపోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పైరు ఎండింది, ఎద్దులు సంతకు పోయాయి. తాగే నీళ్లకు పక్కచేను వాళ్ల బావే గతయింది.

ఒకరోజు నేను కడవతో పోతుంటే, రచ్చకట్ట మీద ఎవరో నాయనను అడిగారు. "ఏమన్నా, అంత ఊట బాయి, నీళ్లు యాడికి పోయినాయి?"

నాయన నన్ను చూశాడు. చూసే అన్నాడు.

"పెద్దమనిషైన ఆడబిడ్డ మునిగితే ఆ బాయిలో గంగమ్మ నిలుస్తాదా అప్పా?"

ఆ మాటకు ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను కూడా.

మరునాడు పక్కచేను ఆమె నన్ను గట్టు మీదే ఆపింది. "నువ్వు దిగొద్దు తల్లీ. మీ అమ్మను పంపు."

ఖాళీ కడవతో ఇంటికొచ్చాను. నాయన అరుగు మీదే ఉన్నాడు. ఎందుకని అడగలేదు.