పార్కు గోడ, దరియావలి తాడు

మా ఊరి పార్కు పడమటి గోడ ఎందుకు వంకరగా ఉందని బస్సు దిగిన ప్రతి కొత్త మనిషీ అడుగుతాడు. తక్కిన మూడు గోడలూ వీధుల వెంట బుద్ధిగా నిలబడి ఉంటాయి. ఈ ఒక్క గోడ మాత్రం దక్షిణంగా పోయేకొద్దీ, ఏదో గుర్తుకు వచ్చినదానివలె, తూర్పుకు ఒరుగుతూ పార్కు లోపలికి జరిగిపోతుంది. కారణం వాస్తు అని ఒకరు, మేస్త్రీ తాగి కట్టినాడని మరొకరు, కింద పాత సమాధి ఉన్నదని ఇంకొకరు చెబుతారు. నాకు తెలిసిన కథ వేరు. దానిని చెప్పడానికి కూర్చున్నాను గాని, చెప్పిన తరువాత సంగతి తేటపడుతుందని హామీ ఇవ్వలేను.

ఈ కథకు కర్త దరియావలి. నెల్లూరు జిల్లా కోట ఊరికి తూర్పుగా, గాలి నిలిచిన వేళ సముద్రపు హోరు వినబడేటంత దూరంలో ఉన్న మా ఊళ్ళో అతడు తాళ్ళు పేనేవాడు. మా చిన్నతనంలో ఉత్త 'తాడు' అంటే పెద్దలు ఒప్పుకొనేవారు కారు. బావికి వేసేది చేంతాడు. ఎద్దును కట్టేది పలుపు. బండి మీద గడ్డిని బిగించేది మోకు. దూడలను వరుసగా కట్టేది దామెన. వస్తువు ఒకటే, పని మారితే పేరు మారుతుంది. నేను తెలుగు పండితుడిగా పనిచేసిన రోజుల్లో పిల్లలకు ఈ మాటలన్నీ వల్లె వేయించేవాణ్ణి. ఇప్పుడు వారిలో ఎంతమందికి గుర్తున్నాయో తెలియదు. ఎక్కడికో పోతున్నాను, మళ్ళీ దరియావలి దగ్గరకు వస్తాను.

అతని ఇల్లు సంతదిబ్బకు వాయవ్య మూలన ఉండేది. సంతదిబ్బ అంటే ఊరి నడుమ ఉన్న ఖాళీ నేల. సంత ఏనాడో బస్సు రోడ్డు పక్కకు మారిపోయింది. పేరు మాత్రం దిబ్బకు మిగిలింది. పొద్దున్నే ఇంటి ముందర కొయ్య చక్రం నిలిపి, అతని భార్య జైతూన్‌బీ దాన్ని తిప్పేది. దరియావలి ఒడినిండా కొబ్బరి పీచు నింపుకొని, చక్రానికున్న కొక్కేనికి ఒక పోగు తగిలించి, వేళ్ళ సందుల నుండి పీచు వదులుతూ వెనక్కి నడిచేవాడు. వెనక్కి, వెనక్కి, దిబ్బను ఐమూలగా దాటి, దక్షిణపు అంచున బజారు మొదట్లో ఉన్న మాలకొండమ్మ దోసెల అంగడి గుంజకు వీపు తగిలేదాకా నడిచేవాడు. తోవ చూసుకొనేవాడు కాడు. అక్కడ గుంట ఉన్నా, గేదె పడుకొని ఉన్నా అతని పాదాలకు తెలిసేది. ఆ ఐమూల దారికి కారణం గాలి. మా తీరాన వీచే పైరగాలి ఆగ్నేయం నుండి వస్తుంది. తాడు గాలికి అడ్డంగా ఉంటే ఊగి, పురి సమంగా ఎక్కదు. గాలి వెంబడి ఉంటే నిలకడగా ఉంటుంది.

అరవై రెండో సంవత్సరం ప్రాంతంలో మా పంచాయతీకి హోదా పెరిగింది. ప్రెసిడెంటు పద్మనాభయ్య గారు మంచివారు. కొడవలూరు వైపు వారికి వరిపొలాలు కూడా ఉండేవి. ఆయన ఏదో పని మీద మద్రాసు వెళ్ళి, అక్కడ ఒక పార్కులో స్తంభం మీద రేడియో పాడుతూ ఉంటే జనం గడ్డి మీద కూర్చొని వినడం చూశారట. తిరిగి వచ్చిన నాటి నుండి ఆయనకు మరో ధ్యాస లేదు. కొత్తగా వచ్చిన ఓవర్సీరు చేత ఊరి పటం గీయించి రంగులు వేయించారు. బజారుకు ఎరుపు, ఇళ్ళకు పసుపు, పరిశ్రమలకు నీలం, సంతదిబ్బకు ఆకుపచ్చ. ఎవరి పని ఏ రంగులోదో ఆ రంగులోనే చేసుకోవాలన్నారు. ఆ పటాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించినప్పుడు ఊరంతా వెళ్ళి చూసింది. ఊరు ఇంత అందంగా ఉంటుందని మాకు అంతవరకూ తెలియదు.

మరునాడే దరియావలి ఒక కాగితం పట్టుకొని మా అరుగు దగ్గరకు వచ్చాడు.

"అయ్యోరా, ఇది నాకిచ్చి పొయినారు. చదివి చెప్పండి. మంచిదా, చెడ్డదా?"

చదివాను. పని ఆపి 'తగు స్థలమునకు' పోవలసిందని ఉంది. ఏది తగు స్థలమో లేదు. ఎప్పటిలోగా అన్నదీ లేదు. వాక్యం సగంలో తెగి, కింద పంచాయతీ ముద్ర పడింది. అటువంటి వాక్యం రాసిన విద్యార్థిని నేనైతే బెంచీ ఎక్కించేవాణ్ణి.

"పొమ్మంటున్నారు దరియావలీ. ఎక్కడికో చెప్పలేదు."

"యాడికో చెప్పకుండా ఎట్టా పొయ్యేది అయ్యోరా?"

"తాళ్ళ పని పరిశ్రమ కిందికి వస్తుంది. నీలం రంగు అంటే ఉప్పు కాలువ గట్టు."

అతడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "ఆడ ఇసక మోకాలిదాకా దిగబడతాది. గాలేమో అడ్డం. ఆడికి పోతే ఇంక తాళ్ళు లేవు అయ్యోరా. ఈ చేతులకు ఇంకో పని రాదు" అన్నాడు.

ఆ తరువాతి వారం పంచాయతీ సమావేశానికి అతణ్ణి పిలిచారు. నన్ను కూడా రమ్మన్నాడు గనుక వెళ్ళాను. అంగడి సంగతి తేల్చుకోవడానికి మాలకొండమ్మ కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"నువ్వు పని చేసేది యాడయ్యా?" అన్నారు పద్మనాభయ్య గారు పటం ముందు నిలబడి.

"ఇంటికాడ మొదలుపెడతా సామీ. మాలకొండమ్మక్క అంగడికాడ ఆపుతా."

"ఇల్లు పసుపు. అంగడి ఎరుపు. మధ్యలో?"

"మధ్యలో పేనతా ఉంటా."

"అదేనయ్యా, యాడ?"

"నడస్తా ఉంటా గదా సామీ. యాడని చెప్పేది?"

ఓవర్సీరు గారు కలుగజేసుకున్నారు. "అందరిలాగా ఒకచోట కూర్చుని పేనుకోకూడదా?"

"కూర్చుంటే తాడు నా అంతే వస్తాది సార్. నా అంత తాడుతో బావిలో నీళ్ళు అందుతాయా?"

"అందులోనూ పొట్టోడు" అంది గుమ్మంలో నుండి మాలకొండమ్మ. "ఆయనంత తాడు మా దోసెపిండి కుండకు గూడా చాలదు."

అందరూ నవ్వారు. దరియావలి కూడా నవ్వాడు. కాని పటం వైపు చూసిన వారెవరికీ నవ్వు నిలవలేదు. మిగిలిన మనుషులందరూ ఏదో ఒక రంగులో ఒదిగారు. ఇతడు ఒక గీత. పసుపులో పుట్టి, ఆకుపచ్చను చీల్చుకొని, ఎరుపులో తేలుతున్నాడు. పద్మనాభయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నారు. గీత అక్కడే ఉంది.

"సరే, ఆలోచిస్తాం" అన్నారు.

దరియావలి వెళ్ళకుండా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "సామీ, ఎట్టాగూ ఆలోచిస్తా ఉండారు గనక ఒక మాట. తాడు నడుం వాలకుండా ఆనించే గుంజలు నాకు లేకుండా పొయినాయి. ఎవురో పొయ్యిలో పెట్టుకున్నారు. సర్కారు సరుగుడు తోపులోంచి నాలుగు గుంజలు నాటిస్తే మీ పేరు చెప్పుకుంటా."

ఉన్న చోటి నుండి కదలమంటే, అదే చోట గుంజలు నాటించమని అడుగుతున్నాడు. పద్మనాభయ్య గారు కండువా భుజాన వేసుకున్నారు. అప్పటికే పొద్దు వాలిపోతున్నది. "నాటిస్తాంలే, పోవయ్యా" అన్నారు. ఆ మాటకు అర్థం 'వెళ్ళిరా' అన్నంత మాత్రమేనని నేను అనుకున్నాను. దరియావలి వేరుగా అనుకున్నాడు.

పది పన్నెండు రోజులకు ఓవర్సీరు మనుషులు వచ్చి పార్కు హద్దుకని సంతదిబ్బ పడమటి అంచున సరుగుడు గుంజలు వరుసగా నాటిపోయారు. తక్కిన మూడు వైపులా వీధులే హద్దు కాబట్టి అక్కడ గుంజల అక్కర లేకపోయింది. ఆ వరుస దరియావలి ఇంటి ముందర మొదలై తిన్నగా దక్షిణానికి పోయింది. అతడు బయటికి వచ్చి చూసినప్పుడు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడని జైతూన్‌బీ తరువాత మాకు చెప్పింది. అడిగింది నాలుగు గుంజలు. దేవుడు వరుస మొత్తం ఇచ్చాడు. లోపం ఒక్కటే. నాటినవారికి గాలి సంగతి తెలియదు.

"వాళ్ళు నాటింది పీకబాకు. పోయి ఒక మాట అడిగిరా" అందట ఆమె.

"ఇచ్చినోళ్ళ దగ్గిరికి పోయి ఇది వంకరగా ఉండాదని చెప్పేదా? మర్యాదేనా మేయ్?"

అలా మర్యాద కోసం అతడు గుంజలన్నిటినీ పీకి, తాను రోజూ నడిచే ఐమూల దారి వెంట, మునుపటికన్నా లోతుగా, గట్టిగా నాటాడు. పని పట్టపగలే జరిగింది. మాలకొండమ్మ చూసింది, బడికి పోతూ నేనూ చూశాను, పంచాయతీ బిళ్ళబంట్రోతు అక్కడే నిలబడి బీడీ కాల్చుకున్నాడు. పంచాయతీ చెప్పిందేమోనని మేమందరం అనుకున్నాం. అడగవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

ఇంతలో ఓవర్సీరుకు దొరవారిసత్రం వైపు బదిలీ అయింది. కొత్త ఓవర్సీరు వచ్చేలోపల మేస్త్రీలు వచ్చారు. మేస్త్రీకి పటంతో పని లేదు. గుంజలు ఉన్నాయి, దారం లాగాడు, పునాది తవ్వాడు. గోడ సరిగ్గా దరియావలి నడిచే దారి మీదే నడుము ఎత్తు లేచింది. అతడు రెండు రోజులు దిగులుపడి, మూడో రోజు గోడకు పడమటి పక్కన నడిచి చూశాడు. గాలి వెంబడే ఉంది. కాళ్ళ కింద గట్టి నేలే ఉంది, తాడు ఆనడానికి గోడే ఉంది. మళ్ళీ చక్రం తిరిగింది.

పార్కు ప్రారంభోత్సవానికి నెల్లూరు నుండి పెద్దలు వచ్చారు. జెండా కర్రకు కట్టడానికి దరియావలి జనుపనారతో సన్నని తాడు పేని తెచ్చి, అందరి ముందూ పద్మనాభయ్య గారి చేతిలో పెట్టాడు.

"గుంజలు నాటించమంటే గోడే కట్టించిన మహారాజు మీరు సామీ" అన్నాడు.

పద్మనాభయ్య గారు నవ్వి తాడు అందుకున్నారు. ఆ నవ్వు సగంలో ఆగింది. ఆయన గోడను చూశారు, దరియావలిని చూశారు, మళ్ళీ గోడను చూశారు. పెద్దలలో ఒకరు, "ఈ వంకర కొత్త రకం డిజైనా?" అని మెచ్చుకోలుగా అడిగారు. ఆయన అవునన్నట్టూ కాదన్నట్టూ తల ఊపారు. రేడియో మోగింది. మాటలు వినబడలేదు; ఉప్పుగాలికి అది మొదటి రోజు నుండే గరగరమనేది.

ఆ తరువాత జరిగిన సమావేశాల సంగతి చెప్పాలంటే నాకే తల తిరుగుతుంది. పటం ప్రకారం గోడ అవతలి చీలిక నేల పార్కు. నేల ప్రకారం అది పార్కు కాదు. పార్కు కాబట్టి దరియావలికి ఇవ్వరాదు. గోడకు బయట ఉన్నాడు కాబట్టి పార్కులో పని చేస్తున్నాడని వెళ్ళగొట్టరాదు. గోడను పడగొడితే ఎందుకు కట్టారని పైవారు అడుగుతారు. పటాన్ని దిద్దితే ఎందుకు గీశారని అడుగుతారు. కొత్త ఓవర్సీరు టేపుతో ఒకసారి, గొలుసుతో ఒకసారి కొలిచి, తప్పు దిక్సూచిలో ఉండవచ్చునన్నాడు. చివరకు ఆ చీలికకు ఏ రంగూ వేయకుండా, విషయాన్ని తరువాతి సమావేశానికి వాయిదా వేశారు. ఆ తరువాతి సమావేశం ఎన్నికలు వచ్చి, ప్రెసిడెంటు మారేదాకా తరువాతిదిగానే ఉండిపోయింది.

పార్కులో నాటిన గులాబీలు ఆ ఎండాకాలమే మాడిపోయాయి. గన్నేరు మాత్రం బతికింది. రేడియో మూగబోయింది. గోడ అవతల మాత్రం పొద్దున్నే చక్రం కిర్రుమంటూనే ఉండేది.

అరవై ఎనిమిదిలో అనుకుంటాను, ఒకనాటి ఉదయం ఆ చీలిక నేలలో, సరిగ్గా దరియావలి నడిచే దారి పొడుగునా, కొత్త గుంజలు నాటి ఉన్నాయి. తలలు పంగలుగా ఉన్న గుంజలు, తాడు ఆనడానికి చేసినట్టే. పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి అడిగాను. ఏదో పాత తీర్మానం ప్రకారం నాటించామని గుమాస్తా అన్నాడు. ఎవరి కోసమని అడిగితే, తీర్మానంలో పేరు లేదన్నాడు. కొత్త గోడకా అని అడిగితే, కావచ్చు, కాకపోనూ వచ్చునన్నాడు.

తిరిగి వచ్చి చూస్తే దరియావలి చేతులు కట్టుకొని మొదటి గుంజ ముందర నిలబడి ఉన్నాడు. ఈసారి దాన్ని ముట్టుకోలేదు. జైతూన్‌బీ చక్రం పిడి పట్టుకొని చూస్తూ ఉంది.

"అయ్యోరా, అప్పటి గుంజలు నాకోసం నాటినవే గదా?"

అన్నేళ్ళ తరువాత అతడు ఆ ప్రశ్న అడిగాడు. కాదంటే గోడ నేరం అతని మీద పడుతుంది. అవునంటే అబద్ధమవుతుంది. అబద్ధమేనా? నాటిస్తామని ప్రెసిడెంటు గారు అనడం నేను చెవులారా విన్నాను.

"నీకే పనికొచ్చాయి గదా దరియావలీ" అన్నాను.

"మరి ఇయ్యి?"

"ఎవరికీ తెలియదు."

 దరియావలి ఒడిలో పీచు సర్దుకున్నాడు. కొక్కేనికి పోగు తగిలించి, "తిప్పు మేయ్" అన్నాడు. నా వైపే చూస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఎవరివో తేలని ఆ గుంజల పంగలలో తాడును ఆనించలేదు. గుంజలకు మూరెడు ఎడంగా, గోడ పక్కగా పట్టుకొని పోయాడు. గుంజలు ఒక్కొక్కటే అతని వెనుక నుండి వచ్చి ముందుకు పోయాయి. దేనికీ వీపు తగలలేదు.