రాళ్ళబండిలో పెళ్ళికి

మొన్న మా అమ్మాయి కొత్త ఫ్లాటులో వంటగట్టుకు నల్లరాయి చూద్దామని నన్ను ఆటోనగర్ తీసుకెళ్ళింది. పలకల మీద నీళ్ళు చల్లి మెరుపు చూపిస్తున్న కొట్టతను, నేను ఒక్కొక్కదాన్నే వేలితో తట్టి చూస్తుంటే, "మామ్మగారికి రాయి బాగా తెలిసినట్టుందే" అని నవ్వాడు. తెలియకేం, రాయి మీద కూర్చునే నా పెళ్ళికి వెళ్ళినదాన్ని!

రేవులోకి అలలు కొట్టకుండా సముద్రంలో రాళ్ళగట్టు కట్టే రోజులవి. సింహాచలం కొండలకు ఇవతలి క్వారీ నుంచి రేవు దాకా ఆ రాళ్ళు మోయడానికే ఒక చిన్న రైలుమార్గం వేశారు. దాని ఆవిరి ఇంజనుకు మా నాన్న డ్రైవరు, చివరి పెట్టెలో బ్రేకు పట్టేది మా చిన్నమావ. అమ్మ కుంపట్లోకి బొగ్గు ఆ ఇంజను బూడిదలోంచే ఏరుకొచ్చేది కాబట్టి మా ఇంటి కూరలకూ నాన్న చొక్కాలకూ ఒకటే వాసన ఉండేది.

నా పెళ్ళికి ముందురోజు కుండపోతగా వాన కురిసి, రోడ్డు మీది కల్వర్టు కొట్టుకుపోయి, మాట్లాడుకున్న బస్సు పెళ్ళిరోజు పొద్దున పొంగిన గెడ్డకు అవతలే ఆగిపోయింది. మా ఇల్లు క్వారీ దగ్గర, చర్చేమో రేవు పక్కన. పాస్టరుగారు మధ్యాహ్నానికల్లా భీమిలిలో ఇంకో పెళ్ళికి వెళ్ళాలి, ఓడలో ఉద్యోగం చేసే పెళ్ళికొడుకు మర్నాడే ఓడెక్కితే నెలల తరబడి తిరిగిరాడు. అమ్మ ఏడుపు లంకించుకుంది. నాన్న మాత్రం తిన్నగా క్వారీ మేనేజరు దగ్గరికి వెళ్ళొచ్చి, "రాళ్ళు ఎలాగూ ఎల్తాయి, పిల్ల కూడా ఎల్తాది. ఎక్కండెక్కండి!" అన్నాడు.

అన్నిటికంటే పెద్ద రాయి మీద చాప పరిచి, తెల్లచీరలో ఉన్న నన్ను కూర్చోబెట్టి, మేనత్తలు గొడుగులు పట్టారు. పాటలు పాడుకుంటూ హాయిగానే సాగిన మా బండికి మిట్ట దగ్గర తడిపట్టాల మీద చక్రాలు జారి, ఉన్నచోటే గిర్రున తిరగసాగాయి. చుట్టాలందరూ దిగి, రాళ్ళకింద ఉన్న రాతిపొడి దోసిళ్ళతో తెచ్చి పట్టాల మీద పోస్తుంటే నేనూ దిగాను.

"నువ్వు దిగకే, సీర పాడైపోద్ది!" అని అమ్మ అరిచింది.

"నా పెళ్ళికి నాను దిగకపోతే ఎలాగమ్మా?" అన్నాను.

చివరికి చక్రాలు పట్టు దొరకబుచ్చుకున్నాయి. నాన్న సంతోషం పట్టలేక రేవు దాకా కూత వేస్తూనే ఉన్నాడు. బయల్దేరబోతున్న పాస్టరుగారు ఆ కూత విని ఆగారట. మసి మొహంతో, బురద కుచ్చిళ్ళతో దిగిన నన్ను చూసి కాబోయే అత్తగారు, "ఇదేటమ్మా, దారంతా రాళ్ళేరుకుంటూ వచ్చీసావా ఏటి?" అని పకపకా నవ్వి, తన పట్టుచీర కొంగుతోనే నా మొహం తుడిచింది. దాంతో నేనూ, బండి దిగిన చుట్టాలందరూ ఒక్కసారే నవ్వేశాం.

తరవాత లారీలొచ్చాయి, పట్టాలు ఊడదీశారు, ఆ దారి మీద కాలనీలు లేచాయి. ఇప్పుడు పెళ్ళికి ఎవరి కారులో వాళ్ళు, చీర మడత నలగకుండా, వేళకే వస్తున్నారు. సుఖంగానే ఉంది, కాదనను. కానీ పెళ్ళికూతుర్ని చేర్చడానికి చుట్టాలందరూ ఒకే బండిలో వచ్చి, ఒకేసారి నవ్వడం మాత్రం నేను మళ్ళీ చూడలేదు.