కొబ్బరిమట్ట పడి నెట్ పోయింది

మా ఇంట్లో మొదట్లో ఇంటర్నెట్ వాడాలంటే ఇంటిల్లిపాదీ, ఆ మాటకొస్తే వీధిలో సగం మందీ సహకరించాల్సి వచ్చేది. మామిడికుదురు దాటి కాస్త లోపలికెళ్తే వచ్చే మా వీధిలో ల్యాండ్‌లైన్ ఉన్న ఇల్లు మాదొక్కటే. మావారు కువైట్‌లో ఒక కంపెనీ స్టోర్స్‌లో పనిచేసేవారు. మా వీధి మగాళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల దేశాల్లోనే ఉండేవారు. వాళ్లంతా పెళ్లాలతో మాట్లాడాలంటే మా నంబరుకే చేసేవారు. అలాంటి ఫోను వైరు ఊడదీసి కంప్యూటర్‌కి తగిలించుకోవడం ఎంత ప్రజావ్యతిరేకమైన పనో మావారికి తట్టలేదు. సెలవు మీద వచ్చినప్పుడు కంప్యూటర్ కొని, డయలప్ పెట్టించి, నాకు ఈమెయిల్ తెరవడం నేర్పి, దేశానికేదో మేలు చేసినంత తృప్తిగా విమానం ఎక్కేశారు.

ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తయ్యగారూ. నేను ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. ఆవిడ ఇల్లూ, పెరడూ, నన్నూ చూసుకునేవారు.

డయలప్ కలిసేటప్పుడు చేసే చప్పుడు విన్నవాళ్లెవరూ మర్చిపోరు. పీక పట్టుకున్న కోడీ, తుప్పు పట్టిన గిలకా కలిసి కచేరీ చేస్తున్నట్టుండేది. అత్తయ్యగారు మొదటిసారి విని, "అమ్మాయ్, దానికెక్కడో నొప్పెడతన్నట్టుంది. ఆపెయ్" అన్నారు. ఆపక్కర్లేకుండానే అది చాలాసార్లు తనంతట తనే ఆగిపోయేది. ఆగకుండా కలిసిన రోజున, సరిగ్గా మెయిల్ తెరుచుకునే వేళకి ఎదురింటావిడ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది.

"అయ్యిందాండీ మీ ఇంటర్నెట్టు? మా ఆయన ఫోన్ చేస్తానన్నాడండీ. ఎంతసేపు చేసినా ఎంగేజే వస్తందంట."

తెరుచుకోవడమే ఇంకా అవలేదని చెప్తే ఆవిడ నమ్మేది కాదు. నేనేదో లోపల సినిమా చూస్తున్నాననుకునేది.

ఒకసారి మావారు తన ఫోటో పంపుతున్నానని రాశారు. అత్తయ్యగారు తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, కుర్చీ వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఫోటో పై నుంచి కిందికి, గీత తర్వాత గీతగా దిగడం మొదలైంది. మొదట గోడ వచ్చింది. చాలాసేపు గోడే వచ్చింది. అత్తయ్యగారు లేచి వెళ్లి అన్నం వార్చుకొచ్చారు. అప్పటికి ఫ్యాన్ రెక్క ఒకటి కనబడుతోంది. తర్వాత జుట్టు ఉండాల్సిన చోట నున్నగా ఏదో మొదలైంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నుదురు అలా సాగిసాగి, ఎట్టకేలకి కళ్లు వచ్చాయి, ముక్కు వచ్చింది, మీసం వచ్చింది. అక్కడ లైన్ తెగిపోయింది. చాలాసార్లు ప్రయత్నించినా ఆ పూట మళ్లీ కలవలేదు.

"మిగతా అంతా బాగానే ఉన్నాడంటావా?" అని అత్తయ్యగారు దిగులుగా అడిగారు.

ఆ మీసం కింది భాగం చూడ్డానికి మాకు మరో వారం పట్టింది. చెప్పొచ్చేదేమిటంటే, ఆ రోజుల్లో మా కాపురం చాలా సజావుగా ఉండేది. నాలుగు ముక్కల మెయిల్ పంపడానికే తాతలు దిగివచ్చేవారు గనక, పోట్లాడుకోవాలని ఎవరికీ అనిపించేది కాదు. ఆయన "క్షేమం" అని రాసేవారు. నేనూ "క్షేమం" అని రాసేదాన్ని. ఇద్దరం నమ్మేవాళ్లం.

ఆ తర్వాత వీధిలో అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. ఎదురింటావిడ మా గుమ్మంలోకి రావడం మానేసింది. మా డయలప్ మాత్రం ఉద్యోగం వదలని పాత గుమస్తాలా అలాగే ఉండిపోయింది. దాన్ని సాగనంపింది మా వీధికి టీవీ కేబుల్ వేసే ఆయన. హైస్పీడ్ ఇంటర్నెట్ వచ్చిందని, కువైట్‌లో ఉన్న మావారు అప్పుడే సరే అనేశారని కబురు మోసుకుంటూ వైరు చుట్ట భుజాన వేసుకొచ్చాడు. కాలవ గట్టు మీది స్తంభం నుంచి మా పెరట్లో కొబ్బరిచెట్టు మొవ్వు పక్కగా, అక్కణ్ణుంచి సన్‌షేడ్ మీదుగా వైరు లాగి, గోడకి ఒక చిన్న డబ్బా బిగించాడు. డబ్బాకి పచ్చదీపాలు వెలిగాయి.

"ఆయ్, ఇంక చూస్కోండమ్మగారూ. మీరిలా నొక్కడవే ఆలీసం. వచ్చేసి కూర్చుంటాదండి."

నిజంగానే వచ్చేసి కూర్చుంది. మావారి ఫోటో ఒకటి నొక్కితే, అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకునేలోపు గెడ్డం దాకా దిగిపోయింది. ఆవిడ కాస్త నొచ్చుకున్నారు. "అప్పుడే వచ్చేసేడా? కూర్చోనిచ్చేడు కాదు" అన్నారు.

సరిగ్గా ఆ సమయంలోనే కంపెనీవాళ్లు మావారిని స్టోర్స్‌లోంచి ఆఫీసులోకి మార్చారు. కుర్చీ, బల్ల, కంప్యూటర్, దానిమీద కెమెరా ఇచ్చారు. ఏ పని చేయడానికి ఇచ్చారో నాకు ఇప్పటికీ తెలీదు. నాకు తెలిసినంతవరకూ ఆయన పొద్దున్న కుర్చీలో కూర్చోగానే మాకు వీడియో కాల్ చేసేవారు. లేవబోయే ముందు కట్టేసేవారు. స్నేహితుడి చేత నాకొక ల్యాప్‌టాప్ కూడా పంపారు. దాన్ని మిషన్‌కి ఎదురుగా అల్మారాలో పెట్టమన్నారు. పెట్టాను. అలా మా ఇంటి యజమాని మా ఇంటి అల్మారాలో కాపురం పెట్టారు.

మొదటి కొద్దిరోజులూ పండగే. అత్తయ్యగారు కొడుక్కి వంకాయలు చూపించారు, కోడిపిల్లల్ని చూపించారు, మోకాలి వాపు చూపించారు. కొడుకు అన్నీ శ్రద్ధగా చూశారు. చూసి ఊరుకుంటే బాగుండేది.

"అమ్మా, పులుసులో చింతపండు ఎక్కువేసేవ్."

"నీకెలా తెలిసిందిరా?"

"రంగు చూస్తే తెలవట్లేదా?"

అక్కడితో ఆగలేదు. పెరటి తలుపు తీసి ఉంచానని ఒకరోజు, పగలు లైటు వేశానని ఒకరోజు, ఫ్యాన్ గట్టిగా తిరుగుతోందని ఒకరోజు. నేను జాకెట్టు చెయ్యి తిరగేసి కుడుతుంటే "అది ఎడంచేతిదిలా ఉందే" అని అల్మారాలోంచి సలహా. ఆయన జన్మలో సూదిలో దారం ఎక్కించినవారు కాదు. వేల మైళ్ల దూరం నుంచి మాత్రం ఏ చెయ్యి ఏదో ఇట్టే చెప్పేసేవారు.

అసలు గొడవ ఒక పెళ్లి జాకెట్టుతో వచ్చింది. కూతురి పెళ్లికి కుట్టించుకోవడానికి మాకు వరసైన ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడ చేతులు చాచి నిలబడింది. నేను టేపు ఆవిడ చుట్టూ తిప్పి కొలత చూస్తున్నాను. మావారు భోజనానికి లేచారనుకున్నాను. లేవలేదు. వంగి కింద పడ్డ పెన్ను తీసుకుంటున్నారట. తీసుకుని తలెత్తి, ఎంతో ఆప్యాయంగా పలకరించారు.

"బాగున్నారాండీ అత్తగారూ? కాస్త చిక్కేరే!"

ఆవిడ పెట్టిన కేకకి పెరట్లో కాకులు లేచిపోయాయి. నా టేపుతో సహా ఆవిడ గుమ్మం దాటేసింది.

ఆ కబురు వీధంతా తిరగడానికి ఏ హైస్పీడూ అవసరం లేకపోయింది. మర్నాటి నుంచి ఆడవాళ్లు గేటు దగ్గరే ఆగి, "మీ ఆయన ఉన్నాడాండీ ఇంట్లో?" అని అడగడం మొదలుపెట్టారు. కువైట్‌లో ఉన్న మనిషి గురించి! ఉన్నారని చెప్తే గుడ్డ గేటు మీద వేసి, పాత జాకెట్టు కొలతకిచ్చి వెళ్లిపోయేవారు. కొందరు అదీ లేకుండా కొత్తపేట వెళ్లి కుట్టించుకోవడం మొదలుపెట్టారు.

"ఏవండీ, కొలతలివ్వడానికి ఆడవాళ్లొస్తారు. ఆ వేళప్పుడు కట్టేయండి" అన్నాను.

"నేనేవన్నా పరాయివాణ్ణా? వాళ్లంతా నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్లే కదా" అన్నారు.

అదే కదండీ బాధ, అందాం అనుకుని ఊరుకున్నాను. ల్యాప్‌టాప్ మూత దించేస్తే వెంటనే సెల్‌ఫోన్ మోగేది. "ఏమైందే? చీకటైపోయింది" అని అడిగేవారు.

పరిష్కారం అత్తయ్యగారు కనిపెట్టారు. ఆవిడ సాంకేతిక పరిజ్ఞానమంతా ఒక్క మాటలో ఉంది. పచ్చదీపాల డబ్బాకి కింద స్విచ్ ఉంటుంది, స్విచ్ ఆపితే కొడుకు ఉండడు. ఒకరోజు ఆడవాళ్లు గేటు దగ్గర ఆగడం చూసి, ఆవిడ తాపీగా నడిచివెళ్లి టక్కుమని స్విచ్ ఆపేశారు. మావారు ఏదో అంటూ నోరు తెరిచి, అలాగే బిగుసుకుపోయి మాయమయ్యారు.

సెల్‌ఫోన్ మోగింది. ఆవిడే తీశారు.

"నెట్టు పోయిందిరా అబ్బాయ్. కొబ్బరిమట్ట పడింది వైరు మీద."

ఆ అబద్ధం అంత నున్నగా ఆవిడ నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు. వచ్చాక మాత్రం అలవాటైపోయింది. కొలతలకి ఎవరొచ్చినా మట్ట పడేది. పులుసులో చింతపండు కాస్త ఎక్కువైనా మట్ట పడేది. ఆవిడ నడుం వాల్చే వేళకి గాలీ వానా లేకుండానే పడేది. నాకు కొలతలిచ్చేవాళ్లు మళ్లీ వచ్చారు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ప్రపంచంలో హైస్పీడ్ ఇంటర్నెట్‌ని ఇంత సుఖంగా వాడుకున్నవాళ్లు మేమేనేమో.

మావారు ఊరుకునే మనిషి కాదు. అక్కణ్ణుంచే కేబుల్ ఆయనకి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. పాపం అతను ఎండలో నిచ్చెన మోసుకొచ్చి, స్తంభం ఎక్కి, సన్‌షేడ్ ఎక్కి, వైరంతా తడిమి చూసుకుని, చివరికి ఇంట్లోకొచ్చి డబ్బా వంక చూశాడు. తర్వాత కింద స్విచ్ వంక చూశాడు. తర్వాత అత్తయ్యగారి వంక చూశాడు. ఆవిడ అప్పటికే గ్లాసుతో మజ్జిగ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇదేంటండీ అమ్మగారూ, స్విచ్ ఆపేసేరు?"

"ఆపేనయ్యా. మజ్జిగ తాగు."

"సారు నన్ను తిడతన్నారండీ బాబూ. నేనేం చెప్పాలండీ?"

"మట్ట పడిందని చెప్పు."

"ఒక చెట్టుకి అన్నేసి మట్టలు ఎలా పడతాయండీ?"

"మా చెట్టు అలాంటిది" అన్నారు అత్తయ్యగారు.

అతను మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "ఆయ్, సరేనండి" అని వెళ్లి, మావారికి మట్ట పడిందనే చెప్పాడు. ఆ చెట్టే అంతండి, ఏం చెయ్యలేవండి, అని కూడా కలిపాడు.

ఆ ఒక్క మాట చాలు మావారికి. పనిచెయ్యని దేన్నైనా తీసి పారెయ్యడమే ఆయనకి తెలిసిన మరమ్మతు. రెండ్రోజులు పోయాక పదకొండు గంటలవేళ, మేం రెండో కాఫీ తాగుతుండగా, గొడ్డళ్లూ మోకులూ పట్టుకుని ఇద్దరు మనుషులు పెరటి దారిన వచ్చారు.

"కొబ్బరిచెట్టు కొట్టమని మీ అబ్బాయిగారు కువైట్‌ నుంచి ఫోన్ చేసేరండి. ఇదేనాండీ?"

అత్తయ్యగారు కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేశారు. అది పెరట్లో అన్నిటికంటే బాగా కాసే చెట్టు. వంటింటి నీళ్లన్నీ దాని మొదట్లోకే పోయేవి. దింపు తీసిన ప్రతిసారీ దాని కాయలు విడిగా పోయించి, వచ్చినవాళ్లకల్లా చూపించేవారావిడ. కొడుకు ఫోటో కూడా అంతమందికి చూపించలేదు.

"ఆగండయ్యా, ఆగండి! ముట్టుకోకండి!" అంటూ లోపలికి పరిగెత్తి, స్విచ్ తనే వేశారు. పచ్చదీపాలు వెలిగాయి. అల్మారాలో కొడుకు వెలిగారు.

"వచ్చేరా చెట్టువాళ్లు?" అన్నారు మావారు ఉత్సాహంగా.

"చెట్టు కాదురా అబ్బాయ్. నేను."

"నువ్వేంటి?"

"నేనే ఆపేను. స్విచ్చి. రోజూ నేనే ఆపేను. ఆ చెట్టు నుంచి ఒక్క మట్టా పళ్ళేదు. నువ్వు ఊరికే చూసి ఊరుకోవురా. నువ్వుంటే ఆడవాళ్లు గుమ్మం తొక్కట్లేదు. నా పులుసు నేను పెట్టుకోలేపోతన్నాను. దానికి చెట్టు కొట్టిస్తావా?"

మావారు నా వైపు చూశారు. నేను మిషన్ మీది గుడ్డ మడత సరిచేసుకున్నాను. అరుస్తారేమో అనుకున్నాను. అరవలేదు. వెనక్కి వాలి, కాసేపు తన బల్ల వంక చూసుకున్నారు. అంత స్పష్టంగా బొమ్మ వచ్చే ఇంటర్నెట్ పెట్టించుకున్నందుకు నాకు ఆ ఒక్కసారే బాధేసింది. డయలప్ అయితే ఆ మొహం ఇంకా కళ్ల దాకానే వచ్చి ఉండేది.

"ఇక్కడ కిటికీ తీస్తే ఇసకేనమ్మా" అన్నారు చివరికి. "రూంకెళ్తే తొమ్మిదిమందివి, ఎవడి ఫోను వాడిది. మీరేం మాటాడక్కర్లేదు. మిషన్ చప్పుడవుతా ఉంటే, నువ్వటూ ఇటూ తిరగతా ఉంటే, ఇంట్లో ఉన్నట్టుంటాది. ఏదోటి అనాలిగా అని అంటన్నాను గానీ, చింతపండు గురించి నాకేం తెలుసు?"

అత్తయ్యగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. బయటికెళ్లి, గొడ్డళ్లవాళ్లకి కాఫీ ఇచ్చి, ఊరికే పంపడం బాగుండదని ఎండిన జామచెట్టు కొమ్మ ఒకటి కొట్టించారు.

తర్వాత మేం ముగ్గురం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. పెద్ద పెద్ద దేశాలు చేసుకునేలాంటిదే. కొలతలవాళ్లు వచ్చే పూట అల్మారా ఖాళీగా ఉండాలి. సాయంత్రం నేను మిషన్ మీద అంచులు కుట్టుకునే వేళకి ఆయన రావచ్చు. ల్యాప్‌టాప్ మొహం పెరటివైపు తిప్పి ఉంటుంది. చూడొచ్చు, వినొచ్చు. వంట మీద వ్యాఖ్యానం నిషేధం.

ఆ సాయంత్రమే అమల్లోకి వచ్చింది. నేను మిషన్ దగ్గర కూర్చున్నాను. అత్తయ్యగారు గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్నారు. మావారు నోరు మెదపకుండా కూర్చున్నారు. పెళ్లయ్యాక అంతసేపు ఆయన మాట్లాడకుండా ఉండడం నేనప్పుడే చూశాను. ఒక జాకెట్టు చెయ్యి అంచు మొత్తం కుట్టేశాను, రెండోది మొదలుపెట్టాను. అప్పుడు దగ్గారు.

"ఏవనుకోనంటే ఒక్క మాట."

అత్తయ్యగారు తలెత్తి స్విచ్ ఎంత దూరంలో ఉందో చూసుకున్నారు.

"ఆ మిషన్‌కి నూనె వెయ్యవే. కీచుమంటంది."

నూనె డబ్బా తెచ్చి వేశాను. నిజంగానే కీచుమంటోంది.