తిరేసా తరఫున మాట్లాడేదెవరు

మా తమ్ముడి కూతురు తిరేసా రెండేళ్ళు నోరు మూసుకుని కూర్చుందంటే ఆ తప్పు నాదే. మేం దీవులనుంచి వలసొచ్చి ఉంటున్న మౌంట్ డ్రూయిట్‌లో మా సమోవా చర్చివాళ్ళని ఎవరినడిగినా చెప్తారు, ఆ పిల్లని పెంచింది మేనత్తేనని. పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే నిలబడి మాట్లాడకూడదనీ, ఒకసారి అడిగాక మళ్ళీ అడగకుండా ఓపిక పట్టాలనీ దానికి నూరిపోసింది నేను. ఇంట్లో బాగానే పనికొచ్చిందది. నటనలోకి దిగాక పిల్ల కొంప ముంచింది.

దానికి వేషాల పిచ్చి చిన్నప్పటినుంచీ ఉంది. పిల్లల పండుగ ఆదివారం చర్చిలో నాటిక వేస్తే గొర్రె వేషం ఇచ్చారు. జనమంతా కాపరిని వదిలేసి గొర్రెనే చూశారు. పెద్దయ్యాక పగలు కొట్టులో పెయింటు డబ్బాలు సర్దుతూ, సాయంత్రాలు నటన నేర్చుకుంది. ఇరవై ఒకటో ఏట జిలియన్ హోబ్స్ అనే ఏజెంటు దాన్ని తన మనిషిగా చేర్చుకుని సంతకం తీసుకుంది. ఆ రోజు నేను కొబ్బరిపాల బన్నులు రెండు ట్రేలు చేసి వీధంతా పంచాను. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఒకసారి ఏజెంటు చేతిలో పడ్డాక వేషాల పిలుపులన్నీ ఆవిడ ద్వారానే రావాలి, మనంతట మనం పోకూడదు. ఆవిడ పలక్కపోతే చేతులు కట్టేసినట్టే. జిలియన్ మొదటి మూడు నెలల్లో రెండు పిలుపులు చూపించింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. తిరేసా మెయిల్ రాసి నెల ఆగేది, ఇంకోటి రాసేది. 'మీకు పని ఎక్కువని తెలుసు, తీరిక దొరికినప్పుడే చూడండి' అని ప్రతిదాంట్లోనూ ఉండేది. ఆ ముక్క రాయించింది కూడా నేనే. క్రిస్మస్‌కి కేకు పంపాం. దానికీ జవాబు రాలేదు.

ఈ మార్చిలో ఒక టీవీ సీరియల్లో సమోవా నర్సు పాత్ర ఉందనీ, శుక్రవారంతో పేర్లు తీసుకోవడం ఆపేస్తారనీ స్నేహితురాలు చెప్పింది. సమోవా పిల్ల కోసం రాసిన పాత్ర రోజూ దొరకదు. తిరేసా సోమవారం మెయిల్ రాసింది. మంగళవారం ఫోన్ చేస్తే "చెప్తాలే" అని ఎవరో పెట్టేశారు. బుధవారం భోజనాల దగ్గర ప్లేటు పక్కకి నెట్టింది.

"అత్తా, రేపు ఆవిడ ఆఫీసుకి వెళ్తున్నా."

"పిలవకుండానా?"

"పిలిచేదాకా ఆగితే నర్సు వేషానికి కాదు, మంచంలో పడుకున్న ముసలమ్మ వేషానికి పనికొస్తా."

నేనూ రైలెక్కాను. నిజం చెప్పాలంటే, దాన్ని ఆపడానికే వెళ్ళాను.

జిలియన్ బల్ల వెనక కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. "ఎవరమ్మా? వస్తున్నట్టు చెప్పారా?" అంది. తిరేసా చుట్టూ కుర్చీ కోసం వెతికింది. నాకు తెలుసు ఎందుకో: పెద్దావిడ కూర్చుని ఉంటే ఇది నిలబడి మాట్లాడలేదు. ఎదురుగా ఉన్న ఒక్క కుర్చీలో ఫైళ్ళున్నాయి. వాటిని తీసి కింద పెట్టి, కూర్చుంది. జిలియన్ మొహం మాడిపోయింది. మా లెక్కలో అది మర్యాద, ఆవిడ లెక్కలో పొగరు.

"నేను తిరేసా. నర్సు పాత్రకి నా పేరు పంపండి."

"మొన్ననే పంపాను కదా, బంగారం. ఇదిగో." కంప్యూటర్ మావైపు తిప్పింది.

తెరమీద ఇంకెవరో అమ్మాయి నవ్వుతోంది.

"ఇది నేను కాదు. మెలే. టోంగా దీవుల అమ్మాయి, సమోవా కాదు. నాకంటే జానెడు పొడుగు."

"అయ్యో," అని నవ్వేసింది జిలియన్. "ఈసారికి ఇలా పోనీ. అయినా నువ్వెప్పుడూ గట్టిగా అడగలేదు కదా. నీకంత ఆసక్తి లేదేమో అనుకున్నా."

ఆ మాట సూటిగా నాకే తగిలింది. రెండేళ్ళు మేం చూపించిన గౌరవం ఆవిడకి బద్ధకంలా కనిపించింది. అసలు మా పిల్ల మొహమే ఆవిడకి తెలియదు.

తిరేసా ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఇప్పుడు గట్టిగా అడుగుతున్నా. నన్ను వదిలేస్తున్నట్టు కాగితం ఇవ్వండి."

"దానికి ముప్పై రోజుల నోటీసు ఉంటుంది."

"రెండేళ్ళు ఇచ్చాను నోటీసు. కాగితం చేతికొచ్చేదాకా లేవను."

దాని చెయ్యి పట్టుకుని లాక్కొద్దామని వెళ్ళినదాన్ని, తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాను. నేనేమీ బక్క మనిషిని కాదు. పది నిమిషాల్లో కాగితం వచ్చింది.

ఇంటికి రాగానే గరాజ్ గోడకి తెల్ల దుప్పటి కట్టి, స్నేహితురాలు పంపిన సీనుతో ఫోన్లో దాని నటన రికార్డు చేశాం. ఎదుటి డాక్టరు మాటలు నేను చదివాను.

"అత్తా, డాక్టరు పాస్టరుగారిలా మాట్లాడడు. మళ్ళీ చదువు."

నాలుగోసారికి కుదిరింది. నర్సు మాట్లాడుతుంటే, అది నా తమ్ముడి కూతురన్న సంగతే మరిచిపోయాను. వీడియోతో పాటు పంపే ఫారంలో ఏజెంటు పేరు, నంబరు అడిగారు. తిరేసా చెయ్యి ఆగిపోయింది.

"ఖాళీగా వదిలితే అసలు చూడరేమో."

"నా పేరు రాయి."

"ఈ పని నీకేం తెలుసత్తా?"

"ఫోన్ మోగితే ఎత్తడం తెలుసు."

తర్వాతి గురువారం మధ్యాహ్నం మా మహిళా సంఘం కూర్చుని ఉంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుండగా నా ఫోన్ మోగింది. నలభై ఏళ్ళలో ప్రార్థన మధ్యలో నేనెప్పుడూ లేవలేదు. లేచాను. నడుం వంచి "తులౌ, తులౌ" అని మన్నించమంటూ ముసలమ్మల ముందు నుంచి బయటికి నడిచాను.

"తిరేసా ఏజెంటుని మాట్లాడుతున్నా," అన్నాను.

సీరియల్ వాళ్ళు మంగళవారం పదింటికి పిల్లని తీసుకురమ్మన్నారు. ఆ వేషానికి పోటీలో ఇంకా ముగ్గురున్నారట.

లోపలికి వచ్చేసరికి ప్రార్థన అయిపోయింది, అందరూ నావైపే చూస్తున్నారు. నేను క్షమాపణ చెప్పలేదు. మా పిల్లకి పిలుపొచ్చింది, దానికోసం మళ్ళీ ప్రార్థించండి అని పాస్టరుగారిని అడిగాను. ఆయన తటపటాయించారు. రెండోసారి అడిగాను.