లాగి చూసే డాక్టరుగారు

అంటించినదేదైనా కనబడితే లాగి చూడందే శేషగిరిరావు డాక్టరుగారికి ముద్ద దిగదు. ఏలూరులో ఆయన పళ్ల క్లినిక్‌లో పదేళ్లుగా పనిచేస్తున్నదాన్ని, నా మాట నమ్మండి. శుభలేఖ ఇస్తే ముందు కవరు అంచు పీకుతారు. చెప్పులు బేరమాడేముందు అడుగు పీకుతారు. ఆయన వస్తున్నారంటే చెప్పుల షాపువాళ్లు మంచి జతలు లోపల పెట్టేస్తారు.

ఇక పళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఊడబెరికిన పళ్లను సీసాలో నీళ్లలో దాస్తారు. కొత్త జిగురు వచ్చినప్పుడల్లా దాంతో వాటికి పంటి సిమెంటు ముక్క అంటించి, ముక్కకు తీగ కట్టి, తీగకు బకెట్టు వేలాడదీస్తారు. అందులో గ్లాసు తర్వాత గ్లాసు నీళ్లు పోయడం నా డ్యూటీ. మొన్నటి జిగురు పద్నాలుగు లీటర్ల దాకా ఆగింది. ఆయన మురిసిపోయారు. గది తుడుచుకున్నది నేను.

ఆ జిగురుతోనే ఆకివీడు బేబీరాణికి విరిగిన ముందు పన్ను రెండుసార్లు అంటించారు. రెండుసార్లూ వారం తిరక్కుండా ఊడింది. ఆమె చేపల చెరువుల వలలు బాగుచేస్తుంది.

"నైలాన్ దారం పంటితోనే తెంపుతానండి. మాటిమాటికీ కత్తెర తీస్తుంటే పని సగం కూడా అవట్లేదు. సోమవారం నుంచి వేరేవాళ్లని పెట్టుకుంటానన్నాడండి మేస్త్రి" అంది.

ఇంకొకరైతే దారం కొరకొద్దని కసిరి పంపేవారు. ఈయన మాత్రం ఏ దారం, ఎటు లాగుతారు, తడిదా పొడిదా అని ఆరా తీశారు. తర్వాత తల పట్టుకున్నారు. బకెట్టు కిందికి లాగుతుంది, ఆమె దారం ముందుకు లాగుతుంది. ఇన్నాళ్లూ మేం తప్పు వైపు నీళ్లు పోశాం.

దారపు ఉండ ఒకటి పుచ్చుకుని, శనివారం రమ్మన్నారు. ఆ రోజు మరో జిగురుతో అంటించి, కొరకమన్నారు. బేబీరాణి నోరు తెరవలేదు. ఇదీ ఊడితే సోమవారం పని లేదని ఆమె భయం.

డాక్టరుగారు దారం అందుకుని తన ముందు పంటితో పుటుక్కున తెంపారు.

"నాదీ ఇదే జిగురండి. బుధవారం నా పన్ను కాస్త అరగదీసుకుని, అద్దంలో చూసుకుంటూ ముక్క అంటించుకున్నాను. ఇప్పటికి రెండొందల సార్లు కొరికాను" అన్నారు.

బేబీరాణి కళ్లు మూసుకుని కొరికింది. దారం తెగింది. పన్ను నిలిచింది.

నాకు ఒళ్లు మండింది. నిక్షేపంలాంటి పన్ను ఎవరైనా అరగదీసుకుంటారా అండీ అని అడిగేశాను.

"మరి ఆవిడ పంటి మీద లాగి చూడమంటారా, కనకరత్నంగారూ?" అన్నారాయన.

బేబీరాణి అప్పటికే మరో దారం కొరుకుతోంది.