ముందు దిగే మనిషి

మా పెదనాన్న పోయారు. పొద్దున్నే వల బాగుచేసుకుంటూ గోడకి చేరబడి, అలాగే ఉండిపోయారట. ఐ.పోలవరం నుంచి కబురు వచ్చేసరికి నేను అమలాపురంలో బడికి బయలుదేరుతున్నాను. చేతిలో గొడుగుతోనే గుమ్మంలో కూలబడ్డాను. అదృష్టవంతుడు, హాయిగా పోయాడని ఊరంతా అన్నారు. ఆయన చూసిన చావులు ఎలాంటివో తెలిసినదాన్ని గనక నాకూ అదొక ఊరట.

ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా మొదట చెప్పుకునేది ఒకటే. పడవ రేవుకి చేరాక ఆయన ఎవర్నీ దిగనిచ్చేవారు కాదు. లోతు చూసే గెడ ఇసుకకి తగిలినా సరే, ముందు తాను నీళ్ళలోకి దిగి, గట్టుదాకా నడిచి, వెనక్కి వచ్చి, "ఇప్పుడు దిగండి" అనేవారు. అక్క పెళ్ళికి పడవలో వచ్చిన మగపెళ్ళివారిని సైతం పట్టుపంచెలతో అలాగే కూర్చోబెట్టారు. పుట్టి పెరిగిన రేవులో ఇదేం చాదస్తమని పెద్దమ్మ విసుక్కునేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆయనకి కోపమూ వచ్చేది కాదు, నవ్వూ వచ్చేది కాదు. "గెడ అబద్ధమాడుద్దమ్మా" అనేవారు, అంతే.

నన్ను చదువుకి అమలాపురం పంపేముందు కూడా తానొక్కరే వెళ్ళి, హాస్టల్లో ఓ పూట భోంచేసి, తిరిగొచ్చి, "ఇప్పుడు వెళ్ళమ్మా" అన్నారు. చారు నీళ్ళలా ఉంటుందని ముందే హెచ్చరించారు కూడా. ఈ రోజు నేను పంతులమ్మనంటే ఆ పూట భోజనం చలవే.

వయసులో ఉండగా ఆయన యుద్ధానికి వెళ్ళారు. బర్మా తీరంలో సైనికుల్ని చిన్న పడవల మీద ఒడ్డుకి దింపే పని. మాకు తెలిసింది అంతవరకే.

డెబ్బయిల్లో ఒక వేసవిలో, పెదనాన్న బర్మా వెళ్ళొచ్చారని విని, కొత్తపేట నుంచి ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆవిడ భర్త అదే యుద్ధంలో గాయాలకి కట్లు కట్టే ఉద్యోగంలో ఉండి, తిరిగి రాలేదు. కనబడుట లేదన్న కబురే గాని చావు కబురు రాలేదు. అందుకని అన్నేళ్ళయినా ఆవిడ నుదుట బొట్టు ఉంది. ఉన్నారో లేరో తేలితే చాలన్నారు. పెదనాన్న ఆవిడిచ్చిన ఫొటో చాలాసేపు చూసి, వెళ్ళి పడవ విప్పారు. "చూపిస్తానండి, రండి" అన్నారు. ఆవిడకి తోడుగా నన్నూ ఎక్కించుకున్నారు.

ఆ రోజంతా గోదావరి సముద్రంలో కలిసే మా మొగలోనే మాకు బర్మా చూపించారాయన. మడ అడవిలోకి తీసుకెళ్ళి, ఇలాంటి వేళ్ళ మధ్యనే దాక్కున్నామన్నారు. అక్కడ ఇరుక్కున్న శవాల్ని సముద్రపు పోటు లేపితే, బతికున్నారనుకుని అవతలివాళ్ళు మళ్ళీ మళ్ళీ కాల్చేవారట. ఒకడికి దవడ ఎగిరిపోయిందట. నీళ్ళు అడుగుతున్నాడని చేతుల్ని బట్టి తెలిసిందిగాని, పోయడానికి నోరు లేదట. గట్టు మీద సరుగుడు తోపు చూపించి, మరతుపాకులు అలాంటి చోటే పెట్టారన్నారు. నేను చిన్నప్పుడు ఆడుకున్న తోపు అది. నేను పడవ అంచు పట్టుకున్నాను. ఆవిడ మాత్రం కదల్లేదు. మావారి మాట చెప్పండి అన్నారు.

అప్పుడు ఆయన మొగ దగ్గర ఇసుక మేటకి పడవ ఆనించారు.

"తెల్లారగట్ల గెడకి ఇలాంటి మేటే తగిలిందండి. మా మొగలో మేట తగిలితే ఇంక గట్టుదాకా మోకాలి లోతే. అక్కడా అంతే అనుకున్నాను. లోతెంతండీ అని మీ ఆయనగారు తెలుగులోనే అడిగేరు. దిగిపోండి, మోకాలి లోతేనన్నాను. మనవైపు మనిషి మాట గదా అని అందరికంటే ముందు ఆయనే దూకేరు."

మేట దాటితే మనిషి మునిగే లోతట. ఆవిడ భర్త వీపున మందుల పెట్టె ఉందట. వెనక దూకినవాళ్ళు కూడా మూటలతో సహా మునిగిపోయారట.

"లేచారా?" అన్నారావిడ.

"ఒక్కసారి చెయ్యి పైకొచ్చిందండి. గెడ అందించేను. పట్టుకున్నారు. లాగుతున్నాను. ఇంతలో గట్టు మీంచి కాల్చేరు. గెడ తేలికైపోయిందండి."

"ఖాయమేనా?"

"ఆయ్. ఖాయమేనండి. తర్వాత తేలేరు. నేను చూసేను."

ఆవిడ తెడ్డు అందుకున్నారు. పెదనాన్నని భుజాల మీద, వీపు మీద, తల మీద, చేతులు ఆడినంతసేపు కొట్టారు. నేను అడ్డం వెళ్ళబోతే పెదనాన్న కళ్ళతోనే వద్దన్నారు. నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. చివరికి తెడ్డు జారిపోయి ఆవిడ కూర్చుండిపోయారు. అప్పుడు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఎవరి కోసమో చెప్పలేను.

తిరిగి రేవుకి వచ్చాక ఆ నెత్తుటి మొహంతోనే ఆయన ముందు దిగి, గట్టుదాకా నడిచి, వెనక్కి వచ్చి చెయ్యి చాచారు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకోకుండా దిగి వెళ్ళిపోయారు. తర్వాత బొట్టు తీసేశారని విన్నాం. పెదనాన్న నుదుటి మీద మచ్చ మాత్రం చివరిదాకా ఉంది. ఎవరడిగినా తెడ్డు తగిలిందనేవారు. అందులో అబద్ధమేముంది?

మొన్న అస్థికలు కలపడానికి బయలుదేరుతుంటే ఆవిడ వచ్చారు. ఎవరు చెప్పారో తెలీదు. జుట్టు ముగ్గుబుట్టయిపోయింది. పెద్దమ్మ జరిగి పడవలో చోటిచ్చింది. మొగలో కలిపి వెనక్కి వచ్చాం. తమ్ముడు వేసిన గెడ రేవు ఇసుకకి తగిలింది. ఎవరమూ లేవలేదు. ఇన్నేళ్ళ అలవాటు, అందరం నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాం. తమ్ముడికీ దిగాలని తోచలేదు.

కొత్తపేటావిడ లేచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని దిగారు. తడబడుతూ గట్టుదాకా నడిచారు. గట్టు మీద ఒక క్షణం నిలబడి, మళ్ళీ నీళ్ళలోకి నడిచి పడవ దగ్గరకి వచ్చారు.

"లోతు లేదు. దిగండమ్మా" అని పెద్దమ్మకి చెయ్యి చాచారు.